ఆరు పాయింట్ల గెలుపు

వెస్ట్ ఫుట్‌స్క్రే, మెల్‌బోర్న్
26-9-2016, సోమవారం

అమ్మలూ,

"మన బుల్‌డాగ్స్ గెలిచారటగా, ఫైనల్‌కి వెళ్ళారటగా" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. అవునని ఒక్క ముక్కలో జవాబు పెట్టడానికి మనసొప్పలేదు. ఫోన్లో చెబుదామంటే నీ క్లాసులు, నా డ్యూటీలు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. తాతయ్యకి కూడా చదివి వినిపించు. నువ్వు ఈ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ చూస్తూ పెరిగావు, ఆయనకి అది లేదు. మధ్యలో ఆయన కోసం రాసిన ముక్కలు నీకు తెలిసినవే అయినా దాటేయకు.

నాన్నా, ఇది మీకు. ఇక్కడ వేసవిలో క్రికెట్ ఆడే మైదానాల్లోనే చలికాలం ఈ ఫుట్‌బాల్ ఆడతారు. జట్టుకి 18 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టి పక్కవాడికి అందించొచ్చు (దాన్నే హ్యాండ్‌బాల్ అంటారు), చేత్తో మాత్రం విసరకూడదు. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి పొడవాటి గుంజలు పాతి ఉంటాయి. మధ్య రెండు గుంజల నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. అటూ ఇటూ పక్క సందుల్లోంచి పోతే బిహైండ్ అంటారు, ఒక్క పాయింటే. గోల్లోకి పోయే బంతికి దారిలో ఎవరి వేలు తగిలినా అది కూడా ఒక్క పాయింటే. ఈ ఒక్క పాయింటు సంగతి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

శనివారం సాయంత్రం సిడ్నీలో మన వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కీ గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జెయింట్స్‌కీ ప్రిలిమినరీ ఫైనల్, అంటే గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళ్ళే ఆట. మనవాళ్ళు 89, వాళ్ళు 83. గోల్స్‌లో చెప్పాలంటే మనవి 13, వాళ్ళవి 12. బిహైండ్లు ఇద్దరివీ పదకొండే. మొత్తం ఆటలో తేడా ఒకే ఒక్క గోల్!

నువ్వు ఇండియా వెళ్ళాక ఈ సీజన్ ఎలా నడిచిందో నీకు పూర్తిగా తెలియదు కదా. ఏప్రిల్లో హాథార్న్ మీద మూడు పాయింట్లతో ఓడిపోయిన ఆటలో కెప్టెన్ బాబ్ మర్ఫీ మోకాలు పోయింది. నీ గది తలుపు మీద బొమ్మ అంటించుకున్నావే, ఆ మర్ఫీయే. ఇక ఈ ఏడాది ఆడలేడన్నారు. జులైలో మిచ్ వాలిస్ కాలు విరిగింది. ఎలాగో లాక్కొచ్చి పట్టికలో ఏడో స్థానంలో నిలిచారు. ఆ తర్వాత నాకౌట్ ఆటల్లో పెర్త్ వెళ్ళి వెస్ట్ కోస్ట్‌ని 47 పాయింట్లతో కొట్టారు. తర్వాతి వారం ఇక్కడ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో, 2013 నుంచి వరసగా మూడేళ్ళు కప్పు పట్టుకెళ్ళిన హాథార్న్‌ని ఇంటికి పంపారు. ఆ రెండు ఆటలూ నేను నమ్మకంతో చూశాను. మూడోది అలా చూడలేకపోయాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు, తాతయ్యకే చెప్పాలి.

నాన్నా, ఈ జట్టు చివరిసారి కప్పు గెలిచింది 1954లో. ఫైనల్ దాకా చివరిసారి వెళ్ళింది 1961లో. ఆ తర్వాత ప్రిలిమినరీ ఫైనల్ అనే గడప దగ్గర ఏడుసార్లు ఆగిపోయింది. 1985, 1992, 1997, 1998, 2008, 2009, 2010. ఇక్కడ పెద్దవాళ్ళు ఈ సంవత్సరాలని మన ఇళ్ళల్లో తుఫాను వచ్చిన ఏళ్ళని చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. అందులో 1997 మరీ దారుణం. సగం ఆటయ్యేసరికి అడిలైడ్ మీద 31 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు. చివర్లో టోనీ లిబరటోర్ తన్నిన బంతి గోలే అనుకుని ఆయన సంబరంగా పరిగెత్తాడు. అంపైర్ బిహైండ్ అన్నాడు. ఆరు రావాల్సిన చోట ఒకటే వచ్చింది. చివరికి ఓడింది రెండు పాయింట్లతో. శనివారం ఆడినవాళ్ళలో ఆ టోనీ కొడుకు టామ్ లిబరటోర్ ఉన్నాడు.

2009 అమ్మలూ, నీకే గుర్తుండాలి. సెయింట్ కిల్డా మీద ఏడు పాయింట్లతో ఓడిన రాత్రి నువ్వు అన్నం ముట్టకుండా పడుకున్నావు. "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. వచ్చే ఏడు కూడా వాళ్ళ చేతిలోనే ఓడాం.

మొన్న ఆట చూడటానికి మన ఎదురింటి పెద్దావిడ వచ్చింది. నిన్ను చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకొచ్చి, నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా కూర్చోబెట్టుకునేదే, ఆవిడ. 1954లో వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని ఎంసీజీలో కప్పు గెలుపు చూసింది. ఈ జట్టు మేటి ఆటగాడు టెడ్ విట్టెన్‌ని అప్పటి కుర్రాడిగా చూసిన కళ్ళు అవి. ఆయన విగ్రహం మన జట్టు పాత గ్రౌండు విట్టెన్ ఓవల్ బయట ఎందుకుందో నీకు మొదట చెప్పింది కూడా ఆవిడే కదా. భర్త పోయాక ఆవిడ గ్రౌండుకి వెళ్ళడం తగ్గించింది గానీ సభ్యత్వం మాత్రం ఏ ఏడూ మానలేదు.

చివరి క్వార్టర్ మొదట్లో జెయింట్స్ 14 పాయింట్లు ముందుకెళ్ళారు. మీ నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. నాకూ లేవాలనిపించింది. ఆవిడ కదల్లేదు. అప్పుడు నేను ఆటని కాకుండా ఆవిడనే చూస్తూ కూర్చున్నాను. మొహంలో కంగారు లేదు. అలవాటైన కష్టం మళ్ళీ వస్తే మనిషి ఎలా సర్దుకు కూర్చుంటాడో అలా ఉంది. "ఇంకా హ్యాండ్‌బాల్ చేస్తూనే ఉన్నారు, చూడు" అంది నాతో.

నిజంగా అదే గెలిపించింది. వెనకబడ్డ జట్టు భయపడితే బంతిని దొరికినట్టు ముందుకి తన్నేస్తుంది. మనవాళ్ళు అలా చేయలేదు. గుంపులో ఇరుక్కుని కూడా పిడికిలితో పక్కవాడికి, వాడు ఇంకొకడికి, అలా సందు దొరికేదాకా అందించుకుంటూ పోయారు. ల్యూక్ బెవరిడ్జ్ కోచ్‌గా వచ్చిన ఈ రెండేళ్ళలో నేర్పింది అదే. ఒక్కొక్క గోల్‌తో దగ్గరకొచ్చారు. జాక్ మెక్రే తన్నిన గోల్‌తో మళ్ళీ ముందుకొచ్చారు. మెక్రే గోల్స్ కొట్టడానికి పేరు పడ్డవాడు కాదు, మైదానం మధ్యలో బంతి కోసం కష్టపడే మనిషి. అతను పరుగు మొదలుపెట్టేముందు మీ నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో గరిటె. బంతి గుంజల మధ్యగా వెళ్ళింది. ఆ తర్వాత మిగిలిన నిమిషాలు ఎలా గడిచాయో నేను చెప్పలేను. ఒక్క గోల్ పడితే సమానం అయిపోతుంది, అదొక్కటే తెలుసు.

సైరన్ మోగింది. మేము అరిచాం. ఆవిడ అరవలేదు. టీవీ శబ్దం తగ్గించమని, ఫోను తీసి పెర్త్‌లో ఉన్న తమ్ముడికి చేసింది. అటు ఆయనా ఇటు ఈవిడా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడ వాళ్ళ నాన్న పేరు, భర్త పేరు, ఇంకా నాకు తెలియని కొందరి పేర్లు చెప్పింది. వాళ్ళెవరూ ఇది చూడకుండానే పోయారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదమ్మా.

నిన్న బార్క్‌లీ స్ట్రీట్‌కి కరివేపాకూ పప్పులూ తెచ్చుకోవడానికి వెళ్ళాను. మన ఇండియన్ షాపు గాజు తలుపుకి కూడా మన జట్టు రంగుల్లో ఎరుపు, తెలుపు, నీలం కాగితాలు అంటించారు. ఆ రోడ్డు మీదే కదా విట్టెన్ ఓవల్. గేటు దగ్గర చాలామంది ఊరికే నిలబడి ఉన్నారు. కొనేదేమీ లేదు, చూసేదేమీ లేదు, వచ్చి నిలబడ్డారు. విట్టెన్ విగ్రహం మెడలో ఎవరో స్కార్ఫ్ కట్టారు. వియత్నాం వాళ్ళు, ఇథియోపియా వాళ్ళు, మనవాళ్ళు, ఇక్కడే పుట్టి పెరిగిన ముసలివాళ్ళు, ముక్కూమొహం తెలియనివాళ్ళంతా ఒకర్నొకరు పలకరించుకుంటున్నారు. ఒకాయన నాతో 1989 గురించి చెప్పాడు.

ఆ ఏడు అక్టోబర్లో లీగ్ పెద్దలు ఈ క్లబ్బుని ఫిట్జ్‌రాయ్ క్లబ్బులో కలిపేస్తామని ప్రకటించారు. అప్పుడు దీని పేరు ఫుట్‌స్క్రే. డబ్బు లేని కూలీల పేట, డబ్బు లేని క్లబ్బు. పీటర్ గోర్డన్ అనే యువ లాయరు ముందుకొచ్చాడు, ఓ మామూలు అభిమాని కోర్టుకెక్కింది, జనం బకెట్లు పట్టుకుని వీధుల్లో, ఇళ్ళ గుమ్మాల్లో చందాలు పోగేశారు. కొన్ని వారాల్లో పది లక్షల డాలర్లు దాటింది. క్లబ్బు నిలబడింది. ఆ గోర్డనే ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. నాకు ఈ కథ తెలుసుగానీ, బకెట్ మోసిన మనిషి నోటివెంట విన్నది నిన్నే. మన ఎదురింటావిడ కూడా అప్పుడు చందా వేసిందట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇందాకటి ఏడు ఓటముల సంగతి ఇప్పుడు ఇంకోలా కనిపిస్తోంది నాకు. ఆ రోజు క్లబ్బు పోయుంటే 1992 లేదు, 97 లేదు, ఏడుపులూ లేవు. ఓడిపోవడానికైనా ఒక జట్టు మిగిలి ఉండాలని వాళ్ళు చందాలెత్తారు.

రాత్రి సిడ్నీ నుంచి మీ పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళు టూంగాబీలో ఉంటారు కదా, ఆ ప్రాంతం జట్టు జెయింట్స్. పిల్లల్ని తీసుకుని గ్రౌండుకి వెళ్ళిందట. "అక్కా, హ్యూమ్ హైవే మీద మీవాళ్ళంతా బస్సులు కట్టుకుని వచ్చేశారు, మా గ్రౌండులో మేమే చుట్టాల్లా ఉన్నాం" అంది. నవ్వుతూనే అంది గానీ గొంతులో బాధ తెలుస్తోంది. చిన్నవాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడట. వాడికి నా మాటగా ఓ మెసేజ్ పెట్టు. అన్నం తినకుండా పడుకున్న అక్క చెబితే వాడు వింటాడు.

జెయింట్స్ వాళ్ళ మీద ఇక్కడ కొందరు తక్కువగా మాట్లాడుతున్నారు. 2012లో లీగ్ పెట్టిన కొత్త జట్టు, చరిత్ర లేదు, అభిమానుల్లేరు అని. నాకు నచ్చలేదు. చరిత్ర అందరికీ ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి, మనం ఈ వీధికి వచ్చిన కొత్తలో మనకీ ఇక్కడ ఏమీ లేదు. వాళ్ళ కాలన్ వార్డ్ ఒకప్పుడు మన జట్టువాడే. మొన్న మన జేన్ కార్డీ మోకాలు తన తలకి తగిలి వార్డ్ పడిపోయి, మళ్ళీ ఆటలోకి రాలేకపోయాడు. అతను ఉండుంటే ఆ ఒక్క గోల్ తేడా ఉండేదా అని పిన్ని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కానీ మన జోర్డన్ రఫ్‌హెడ్‌కి కూడా బంతి కంటికి తగిలి బయటికెళ్ళిపోయాడు. ఇద్దరూ లేకుండానే రెండు జట్లూ ఆడాయి.

మీ నాన్నేమో అదృష్టం అంటున్నారు. ఆరు పాయింట్లు ఎటైనా పోవచ్చు అని. నేను ఒప్పుకోవడం లేదు. అలాగైతే 1997లో రెండు పాయింట్లు కూడా దురదృష్టమే అని సరిపెట్టుకోవాలి, ఇక్కడ ఎవరూ అలా సరిపెట్టుకోలేదు. 31 పాయింట్ల ఆధిక్యం ఎలా కరిగిపోయిందో ఇప్పటికీ నిమిషం నిమిషం చెబుతారు, ఎక్కడ తప్పు జరిగిందో చెబుతారు. మొన్న 14 పాయింట్లు వెనకబడ్డాక ఏం చేశారో కూడా అలాగే చెప్పొచ్చు. ఎలా వచ్చిందో చెప్పగలిగిన దాన్ని నేను అదృష్టమనను. నీ అభిప్రాయం ఏమిటో రాయి, ఆట మొత్తం చూశాకే రాయి.

ఇక శనివారం సంగతి. అక్టోబర్ 1, ఎంసీజీలో, సిడ్నీ స్వాన్స్‌తో. ఆ జట్టు కూడా ఒకప్పుడు మెల్‌బోర్న్‌దే, సౌత్ మెల్‌బోర్న్. 1982లో సిడ్నీకి తరలిపోయింది. ఎదురింటావిడ టికెట్ కోసం ప్రయత్నిస్తోంది. సభ్యులందరికీ టికెట్లు రావు, దొరకాలని మొక్కుకున్నాను. దొరక్కపోతే మళ్ళీ మనింట్లోనే. మర్ఫీ ఆడలేడు, ఈస్టన్ వుడ్ కెప్టెన్‌గా దిగుతాడు. రఫ్‌హెడ్ కన్ను ఎలా ఉందో ఇంకా చెప్పలేదు, రోజూ వార్తలు చూస్తున్నాను.

ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకి మొదలు, అంటే నీకు పొద్దున పదింటికి. ఆ రోజే శరన్నవరాత్రులు మొదలు. అమ్మమ్మ కలశం పెట్టే పని పొద్దున్నే కానివ్వమను, పక్కనుండి సాయం చెయ్యి. పదింటికల్లా తాతయ్యని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టు. బిహైండ్ అంటే ఏమిటో ముందు రోజే ఇంకోసారి చెప్పు, ఆయన మర్చిపోతారు. ఒక్కో క్వార్టర్ అవగానే నాకు ఫోన్ చెయ్యి. ఆట నడుస్తుండగా చేస్తే మాత్రం ఎత్తను.

నీ స్కార్ఫ్ ఉతికి ఆరేశాను. శనివారం ఎదురింటావిడ అది వేసుకుంటానంది, ఇవ్వనా?

అమ్మ