ప్యానెళ్ల సందుల్లో సిమెంటు నింపించకండి

కస్టమర్లందరికీ నమస్తే. నల్లగొండలోని మా యార్డు నుంచి ఎలివేషన్‌కు ప్రీకాస్ట్ ప్యానెళ్లు (యార్డులోనే పోసి, తెచ్చి గోడకు బిగించే కాంక్రీటు పలకలు) తీసుకున్నవాళ్లకూ, ఈ ఎండాకాలం ఆర్డరు ఇద్దామనుకుంటున్నవాళ్లకూ కొన్ని సంగతులు ముందే చెప్పాలి. అన్నీ నచ్చుతాయని అనుకోను.

ఈ మధ్య ఎక్కువగా వింటున్న ఫిర్యాదు ఇది: "ప్యానెళ్ల మధ్య ఇంతింత సందులు వదిలారు, బోల్టు రంధ్రాలు పొడుగ్గా కొట్టారు, పని నీట్‌గా లేదు." కొందరు మేం వెళ్లిపోయాక మేస్త్రీని పిలిచి సందుల్లో సిమెంటు మాలు నింపించారు. ఒక షోరూంలో ప్యానెళ్లను పట్టి ఉంచే క్లాంపులన్నిటికీ వెల్డింగ్ కూడా కొట్టించారు. మరుసటి ఎండాకాలానికి మూలలు పెచ్చులూడితే ఫోను మాత్రం మాకే వచ్చింది.

ఆ సందు వెనక లెక్క ఉంది. కాంక్రీటు వేడికి ఎంత సాగుతుందన్నది ఎక్కువగా కంకరను బట్టి ఉంటుంది. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం గ్రానైట్ కంకరతో చేసిన కాంక్రీటు డిగ్రీకి మీటరుకు 7 నుంచి 9.5 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) సాగుతుంది. మేం వాడేది గ్రానైట్ కంకరే కాబట్టి 9 పట్టుకుంటాం. చలికాలం తెల్లవారుజాముకూ మే నెల పడమటి ఎండకూ మధ్య 45 డిగ్రీల తేడా వేసుకుంటే, 6 మీటర్ల ప్యానెల్ దాదాపు 2.4 మి.మీ. కదులుతుంది. సందు మూసే రబ్బరు లాంటి సీలెంట్ తన వెడల్పులో 25 శాతం సాగేది, నలిగేది అయితే ఆ కదలికకే 10 మి.మీ. సందు కావాలి. తయారీలో, బిగింపులో వచ్చే తేడాలు వేరే. అందుకే సందు 15 మి.మీ. కంటే తగ్గించం.

కదలనివ్వకపోతే? ఎం40 గ్రేడు కాంక్రీటును రెండు చివర్లా గట్టిగా బంధించి 20 డిగ్రీలు చల్లబడనిస్తే, లోపల చదరపు మి.మీ.కు 5.7 న్యూటన్ల దాకా లాగుడు పుట్టొచ్చు. కోడ్ సూత్రం ప్రకారం వంచితే పగలకుండా అది తట్టుకునే బలమే 4.4. నేరుగా లాగితే ఇంకా తక్కువ. కమ్మీలు పగుళ్లను సన్నగా ఉంచుతాయి గానీ రాకుండా ఆపలేవు. కాబట్టి కింద బరువు మోసే రెండు బ్రాకెట్లలో ఒకటే కదలకుండా ఉంటుంది. రెండోదీ, గాలికి ఆపే పై రెండూ పొడుగు రంధ్రాల్లో జరుగుతాయి. దాన్ని దయచేసి లూజు బోల్టు అనకండి.

నిజానికి నాకు సాగడం కంటే వంగడంతోనే ఎక్కువ టెన్షన్. బయట ఎండ, లోపల ఏసీ. వెలుపలి ముఖం ఎక్కువ సాగి ప్యానెల్ నడుము బయటికి ఉబ్బుతుంది. 100 మి.మీ. మందం, 6 మీటర్ల ఎత్తు, రెండు ముఖాల మధ్య 15 డిగ్రీల తేడా ఉంటే ఉబ్బు 6 మి.మీ. అదే 3 మీటర్లయితే 1.5 మాత్రమే. బిల్డింగ్ మూల దగ్గర రెండు గోడలు చెరో వైపు ఉబ్బుతాయి, సందు అక్కడే నోరు తెరుస్తుంది. ముదురు రంగు వేస్తే వేడి ఇంకా ఎక్కువ. అందరూ అడిగేదేమో నల్లటి, నిలువెత్తు, ఒకే ముక్క ప్యానెల్, అదీ పడమటి గోడకే!

ఇకమీదట పడమర వైపు ముదురు రంగు 100 మి.మీ. ప్యానెళ్లు 4 మీటర్లు దాటితే ఆర్డరు తీసుకోం. తప్పదంటే 150 మందంలో పోస్తాం. చదరపు మీటరుకు బరువు 250 కిలోల నుంచి 375కి పోతుంది. రేటు, క్రేన్ ఖర్చు దాంతోపాటే పెరుగుతాయి. ఈ మాటకే ఒక మంచి ఆర్డరు చేజారింది, పోనీ.

ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే పోత పోస్తాం కాబట్టి డెలివరీ కాస్త ఆలస్యమవుతుంది. సీలెంట్ పని కూడా పొద్దున్నే. మిట్టమధ్యాహ్నం సందు బాగా ఇరుకుగా ఉన్నప్పుడు నింపితే చలికాలంలో అది విపరీతంగా సాగి అంచు ఊడొస్తుంది. సీలెంట్ ఖర్చు బిల్లులో విడిగా చూపిస్తాం. ప్యానెల్ ఉన్నన్నాళ్లూ అది ఉండదు, మధ్యలో మార్చుకోవాలి.

ఇప్పటికే సిమెంటు నింపించినవాళ్లు రోహిణి కార్తె దాకా ఆగకుండా ఫోను చేయండి. మా మనుషులు వచ్చి గీకి తీసేస్తారు, కూలీ మాత్రం మీదే. వెల్డింగ్ చేయించినవాళ్లు ముందు క్లాంపుల ఫొటోలు పంపండి. ఇంజనీరు చూడకుండా వాటిని కోయం.