నీటి అడుగు రోబోల శిక్షణ: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సంఘ సభ్యులందరికీ నమస్కారాలు.

గడిచిన సంవత్సరం మన సంఘం తరఫున 6 విద్యార్థి జట్లు నీటి అడుగున తిరిగే రోబోలను తయారుచేశాయి. అందులో 5 నీటిలో దిగి పనిచేశాయి. ఆరోదాని సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

నమూనా నిరుటిదే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో సముద్ర పరిశోధన, విద్య చూసే సీ గ్రాంట్ విభాగం వారు 2003లో మొదలుపెట్టిన సీపెర్చ్ పద్ధతి. పీవీసీ పైపుల చట్రం, 3 చిన్న మోటార్లు, 12 వోల్టుల బ్యాటరీ, గట్టు మీద స్విచ్చుల పెట్టె, దాని నుంచి రోబో దాకా కేబుల్. ఈ కేబుల్ ఎందుకు, రిమోట్ పెట్టవచ్చు కదా అని గత సమావేశంలో ఒక సభ్యులు అడిగారు. అప్పుడు సమయం చాలలేదు, ఇప్పుడు చెబుతున్నాను. రేడియో తరంగాలను నీరు పీల్చేస్తుంది. మామూలు రిమోట్ సంకేతం కొద్ది లోతుకే ఆగిపోతుంది, ఉప్పునీటిలో అయితే మరీ త్వరగా. సముద్రగర్భంలో మనుషులు పైనుంచి నడిపే పెద్ద యంత్రాలకు కూడా అందుకే కేబుల్ ఉంటుంది.

ఇక పరీక్ష రోజు. ఈ సంవత్సరం మనం చేసిన పనుల్లో ఇదొక్కటి చెప్పుకున్నా చాలని నా అభిప్రాయం. ఎనిమిదో తరగతి జట్టు రోబోను కొలనులో వదలగానే ముందు భాగం పైకి లేచి, వెనుక భాగం కిందికి వాలింది. తేలడానికి కట్టిన ఫోమ్ ముక్కలను పిల్లలు వెనక్కి జరిపారు, ఇంకా జరిపారు. గంట గడిచినా వంపు పోలేదు. సాయం చేయబోయిన ఉపాధ్యాయుడిని నేనే ఆపాను. చివరికి ఒక అమ్మాయి గట్టు మీద బోర్లా పడుకుని, నీటికి ముఖం ఆనించినంత దగ్గరగా చూసింది. ముందు వైపు పైపు అతుకు దగ్గర ఒక్కొక్క బుడగే పైకి వస్తోంది. "సార్, పైపులో గాలి ఉండిపోయింది" అని కేక వేసింది. పైపుల్లోకి నీరు చేరడానికి వేసిన రంధ్రాలన్నీ వాళ్లు అడుగు వైపే వేశారు. గాలి పోవడానికి పైన దారి లేదు. రోబోను బయటికి తీసి, పై పైపుకు ఒక రంధ్రం వేసి మళ్లీ వదిలారు. బుడబుడమని గాలంతా పోయింది. ఫోమ్‌ను మొదటి చోటికే జరిపాక రోబో నీటికి జానెడు కింద, పైకీ రాకుండా కిందికీ పోకుండా, సమంగా నిలిచింది. ఆర్కిమెడీస్ సూత్రాన్ని ఆ పిల్లలు ఇక మరచిపోరు. ఆ తర్వాత అదే రోబో అడుగున ఉంచిన రింగును కొక్కేనికి తగిలించుకుని పైకి తెచ్చింది.

ఆరో జట్టుకు ఆ భాగ్యం దక్కలేదు. మోటారు రంధ్రాలకు టేపు చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, కరిగించిన మైనం పోస్తేనే లోపలికి నీరు పోదు. వారి మోటారు ఒకదానికి టేపు సరిగా అతకలేదు. మైనం లోపలికి దిగి ఇరుసు బిగుసుకుపోయింది. పరీక్ష రోజు ఉదయం ఆ విషయం తెలిసింది. విడి మోటార్లు తెస్తామని బాధ్యత తీసుకున్నవారు తేలేదు, తేలేమని ముందుగా చెప్పనూ లేదు. ఆ ముగ్గురు పిల్లలు రోజంతా మిగతా జట్ల కేబుళ్లు పట్టుకుని నిలబడ్డారు.

సభ్యులు మన్నించాలి, ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు సేవకు 10 మంది పేర్లు ఇచ్చారు, వచ్చినవారు ముగ్గురు. పిల్లలు నీటి పక్కన పనిచేసే చోట ప్రతి జట్టుకూ ఒక పెద్దమనిషి ఉండాల్సిందే. అందువల్ల రెండేసి జట్లనే దించి, మిగతావారిని కూర్చోబెట్టాల్సి వచ్చింది. కొలను అనుమతికి నాలుగు ఉత్తరాలు రాశాం. సంబంధిత అధికారి సంతకం పరీక్షకు ముందురోజు సాయంత్రం గాని అందలేదు.

పిల్లలకు టంకం వేయడం ఓపికగా నేర్పిన విద్యుత్ మేస్త్రికి, సెలవు రోజుల్లోనూ వచ్చిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు, పైపులు కోసి ఇచ్చిన సభ్యులకు, తమ ఇంటి గదిని పని శాలగా ఇచ్చిన అధ్యక్షులకు, కొలను సిబ్బందికి, చీకటి పడేదాకా వేచి ఉన్న తల్లిదండ్రులకు, వచ్చిన ఆ ముగ్గురు సేవకులకు హృదయపూర్వక కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేశారు. పెద్ద ఖర్చు మోటార్లకు, కేబుల్‌కు అయింది. అప్పు లేదు.

వచ్చే సంవత్సరానికి విడి మోటార్లు ముందే కొని సంఘం బీరువాలో ఉంచాలని ప్రతిపాదిస్తున్నాను. కేబుల్‌లోని 4 జతల తీగల్లో 3 మోటార్లకు పోగా ఒకటి ఖాళీగా ఉంది. దానికి చిన్న కెమెరా కలుపుతామని రెండు జట్లు అడుగుతున్నాయి, అనుమతించాలి. ఆరో జట్టు చట్రం భద్రంగా ఉంది. వచ్చే పరీక్షలో మొదటి వంతు వారిదేనని మాట ఇచ్చాను. దానికి సభ ఆమోదం కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి