గెంతుడు గేములు, మన లెక్కలు: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

విశాఖలో సొంతంగా గేములు చేసుకునే మన సంఘానికి కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. పోయినేడాది దాన్ని ఎవరూ చదవలేదని నాకు తెలుసు, ఎందుకంటే అందులో టీ ఖర్చు పొరపాటున రెండుసార్లు రాశాను, ఒక్కరంటే ఒక్కరు పట్టుకోలేదు. అందుకే ఈసారి "ఘనంగా నిర్వహించడమైనది" లాంటి మాటలు పక్కన పెట్టి, మీటింగ్ అయ్యాక బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ తింటూ మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను.

రొటీన్ విషయాలు ముందు అవగొడతాను. మొదటి ఆర్నెల్లు ద్వారకానగర్‌లో అద్దె హాల్లో కలిశాం, అద్దె పెంచేసరికి సీతమ్మధారలో మన సభ్యుడి మేడ మీదకి మారిపోయాం. అక్టోబరు 26న పెట్టుకున్న మీటింగ్ మొంథా తుపాను హెచ్చరికల వల్ల రద్దయింది. మిగతావన్నీ జరిగాయి. మధురవాడ ఐటీ ఆఫీసుల్లో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు గేములు చేసేవాళ్లు, ఇంజినీరింగ్ పిల్లలు, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసే మన అన్నయ్య, ఎప్పటిలాగే అందరూ వచ్చారు, ఎప్పటిలాగే అరగంట లేటుగా.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది మన సంఘంలో అమ్మకం దాకా వెళ్లిన గేములు ఐదు. అందులో నాలుగు సైడ్ స్క్రోలింగ్ ప్లాట్‌ఫార్మర్లే, అంటే ఎడమ నుంచి కుడికి పరిగెత్తు, గెంతు, ముళ్ల మీద పడకు. నాలుగింట్లో ఒకటి నాది, కాబట్టి ఎవరినీ ఎత్తిపొడుస్తున్నానని అనుకోవద్దు. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో గేము పెట్టాలంటే ఒక్కోదానికి 100 డాలర్లు కట్టాలి, మన డబ్బుల్లో దాదాపు 9 వేలు. గేము 1,000 డాలర్ల అమ్మకం దాటితే ఆ వంద వెనక్కి వస్తుంది. నాలుగు ప్లాట్‌ఫార్మర్లలో వెనక్కి వచ్చింది ఒక్కదానికే. ఐదోది, గాజువాక తమ్ముడు చేసిన చేపల మార్కెట్ గేము, వేలం పాట పెట్టి చేపలు కొని అమ్మడమే పని, దానిలో గెంతడం అనేదే లేదు, అది మాత్రం రెండు నెలల్లో వెయ్యి దాటేసింది. నాకు సంతోషంగానే ఉంది. కొంచెం కుళ్లుగా కూడా ఉంది.

అందరం గెంతుడు గేములే ఎందుకు చేస్తున్నాం అన్నదాని మీద మార్చిలో చర్చ పెట్టాం, అది రాత్రి పది దాకా సాగింది. మనలో ముప్పై దాటినవాళ్లందరిదీ ఒకటే కథ: టీవీ వెనకాల వైరు గుచ్చి, క్యాసెట్‌ని నోటితో ఊది పెట్టి ఆడిన మారియో, కాంట్రా. గేము అనగానే చేతికి ముందు అదే వస్తుంది. కుర్రాళ్ల కారణం ఇంకా సింపుల్. గేములు చేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ 4లో బొమ్మ కోసం క్యారెక్టర్ నోడ్ పెట్టి కొత్త స్క్రిప్ట్ తెరిస్తే గురుత్వాకర్షణ, నడక, గెంతు రాసేసి ఉన్న టెంప్లేట్ అదే వచ్చేస్తుంది, వేగం 300, గెంతు మైనస్ 400 అని అంకెలతో సహా. పది నిమిషాల్లో బొమ్మ ఎగురుతుంది, మనసూ ఎగురుతుంది. మొన్న నాలుగు గేముల కోడూ తెరిచి చూస్తే రెండింట్లో ఇంకా ఆ మైనస్ 400 అలాగే ఉంది. ఎవరివో రాయను. ఒకటి నాదే.

మొదలుపెట్టడం ఇంత సుఖం కాబట్టే ప్రపంచమంతా ఇదే చేస్తోంది. చిక్కంతా అక్కడే. 2004లో జపాన్‌లో ఒక్క మనిషి, దైసుకే అమాయా, ఏళ్ల తరబడి కూర్చుని కేవ్ స్టోరీ చేసి ఉచితంగా ఇచ్చాడు. 2008లో బ్రెయిడ్, 2010లో సూపర్ మీట్ బాయ్, లింబో వచ్చాయి. గేములు గొప్పవే, కాదనను, కానీ అప్పట్లో స్టోరు తలుపు ఇరుకు, లోపలికి వెళ్లగలిగినవాణ్ణి అందరూ చూసేవాళ్లు. స్టీమ్ 2012లో గ్రీన్‌లైట్ అని ఓట్ల పద్ధతి పెట్టింది, 2017లో అది తీసేసి వంద డాలర్లు కడితే చాలంది. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా గేములు వచ్చాయి, అంటే రోజుకి యాభై దాకా. పండగ ముందు రోజు పూర్ణా మార్కెట్‌లో మన కొట్టుకి బోర్డు లేకుండా కూర్చున్నట్టు ఉంటుంది.

కొనేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. సెలెస్ట్ అనే గెంతుడు గేము 2018 జనవరిలో వచ్చింది, తర్వాతి ఏడాది చివరికల్లా పది లక్షల కాపీలు దాటింది. హాలో నైట్ అనే ఇంకోదాన్ని అడిలైడ్‌లో ఓ చిన్న జట్టు, జనం దగ్గర చందాలు పోగుచేసే సైటు కిక్‌స్టార్టర్‌లో 57 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు పోగుచేసుకుని చేసింది. ఇలాంటివి ఇష్టపడేవాళ్లు ఎక్కడికీ పోలేదు, కానీ వాళ్ల దగ్గర మంచివి ఇప్పటికే ఉన్నాయి. మనం పోటీ అంటే ఈ నెల వచ్చిన గేములనుకుంటాం. నా గేము కొందామా వద్దా అని చూసేవాడికి పక్కనే డెబ్బై అయిదు శాతం తగ్గింపులో సెలెస్ట్ కనిపిస్తే ఏం చేస్తాడు? ఎపిక్ స్టోరు దాన్ని 2019లో ఉచితంగానే పంచింది. సినిమా అయితే పాతది చూసేశాం, కొత్తది చూద్దాం అనుకుంటారు. గెంతుడు గేము పాతబడదు, అందుకే ఏడేళ్ల కిందటి గేము ఇవాళ్టి నా గేముని తొక్కేస్తోంది. గేముల మార్కెటింగ్ గురించి రాసే క్రిస్ జుకోవ్‌స్కీ స్టీమ్ కోసం 2డీ ప్లాట్‌ఫార్మర్లు చేయొద్దని ఏళ్లుగా మొత్తుకుంటున్నాడు, అక్కడి జనానికి కట్టుకోవడం, పోగేసుకోవడం, వ్యాపారం నడపడం లాంటివే ఇష్టమని. చేపల గేము లెక్క చూశాక నేనూ నోరు మూసుకున్నాను.

జూలై మీటింగ్ గురించి కాస్త వివరంగా రాయాలి, ఈ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయింది అదే. మేడ మీద ప్లేటెస్ట్ పెట్టాం, అంటే మన గేముల్ని వేరేవాళ్లతో ఆడించి చూడటం. ఆ ఇంటి పిన్నిగారు పులిహోర పట్టుకొచ్చి, అందరూ టీవీకి అతుక్కుపోయి ఉంటే ఏంటో చూద్దామని కూర్చున్నారు. ఎవరో ఆవిడ చేతిలో నీలం కంట్రోలర్ పెట్టారు. గేము నాది, ఫిషింగ్ హార్బర్‌లో పడవ మీంచి పడవ మీదకి గెంతే కుర్రాడు. పిన్నిగారు మొదటి పడవ దాటారు, రెండోది దాటారు, మూడోదాని దగ్గర వరసగా ఏడుసార్లు నీళ్లలో పడ్డారు. "ఏటి బాబూ, అంచుకొచ్చాకే కదా నొక్కేను, మరెందుకు పడిపోతన్నాడు?" అన్నారు. నేను, సిగ్గు లేకుండా, మీరు కాస్త ఆలస్యంగా నొక్కుతున్నారండీ అన్నాను. మధురవాడ నుంచి వచ్చే చెల్లి ఒకమ్మాయి ఫోన్‌లో వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ ఆపి చూపించింది. బొమ్మ కాలు పడవ అంచు దాటిన మూడు, నాలుగు ఫ్రేములకి పిన్నిగారి వేలు బటన్ మీద పడుతోంది. లెక్క ప్రకారం ఆలస్యమే, కానీ చూసే కంటికి బొమ్మ ఇంకా పడవ మీదే ఉంది. తప్పు ఆవిడది కాదు.

దీనికి మందుని కోయోటీ టైమ్ అంటారు. అంచు దాటాక కూడా కొద్దిసేపు గెంతనివ్వడం. సెలెస్ట్‌లో ఇది సెకనులో పదో వంతు, వాళ్ల ప్లేయర్ కోడ్ బయటే ఉంది, ఎవరైనా చూడొచ్చు. అక్కడే కూర్చుని ఆ పదో వంతు పెట్టాను, నేల తగలడానికి కాస్త ముందే నొక్కినా ఆ నొక్కుని గుర్తు పెట్టుకునేలా ఇంకో రెండు లైన్లు రాశాను. పిన్నిగారు మళ్లీ కూర్చున్నారు. మూడో పడవ, నాలుగోది, అయిదోది. "ఇప్పుడు బాగుంది, ఇందాక పాడైపోయినట్టుంది" అన్నారు. పులిహోర అయిపోయింది గానీ ఆవిడ లేవలేదు. ఇంత చిన్న సంగతి ఏడాదిన్నరగా నాకు తట్టలేదు, ఎందుకంటే నా గేముని నేనొక్కణ్ణే ఆడాను, నా వేళ్లకి నా తప్పులు అలవాటైపోయాయి. నేను గేము అమ్మకానికి పెట్టింది ఏప్రిల్‌లో, పిన్నిగారు ఆడింది జూలైలో. మధ్యలో మూడు నెలలు కొన్నవాళ్లు ఆ మూడో పడవ దగ్గర ఏం తిట్టుకున్నారో.

వాపసుల సంగతి. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే స్టీమ్‌లో డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మన భీమిలి తమ్ముడి గేము మొత్తం గంటన్నరలో అయిపోతుంది. ఒకాయన చివరిదాకా ఆడి, చాలా బాగుందని రివ్యూ రాసి, డబ్బు వాపసు తీసుకున్నాడు. రూల్ ముందునుంచీ ఉన్నదే, మనమే చూసుకోవాల్సింది. దాని కోసం గేముని సాగదీయొద్దు, దయచేసి, సాగదీసిన లెవెల్ మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. చిన్న గేము చిన్న ధరకి ఇవ్వండి, లేదా ఇచ్.ఐఓలో పెట్టండి, అక్కడ స్టోరుకి ఎంత వాటా ఇవ్వాలో మనమే నిర్ణయించుకోవచ్చు, మామూలుగా 10 శాతం. స్టీమ్‌లో అది 30 శాతం, కోటి డాలర్లు దాటాక తగ్గుతుందట, ఆ బాధ మనకి ప్రస్తుతానికి లేదు.

సెప్టెంబరు టెన్షన్ అందరికీ గుర్తే. హాలో నైట్ తర్వాతి భాగం సిల్క్‌సాంగ్, 2019లో ప్రకటించి ఆరేళ్లు ఊరించి, ఆగస్టు 21న ఉన్నట్టుండి సెప్టెంబరు 4న వస్తోందన్నారు. మన అన్నయ్య సరిగ్గా ఆ వారమే రిలీజ్ పెట్టుకున్నాడు. షిఫ్టులు మార్చుకుని, సెలవు పెట్టుకుని మరీ. వాయిదా వేయమని సగం మంది, జనం ఎలాగూ స్టోరుకి వస్తారు కదా కలిసొస్తుందని సగం మంది. బయటి దేశాల్లో చాలా చిన్న జట్లు తేదీలు మార్చుకుంటున్నాయని చూశాక ఆయన కూడా నవంబరుకి జరిపాడు. ఆ రోజు సిల్క్‌సాంగ్ కొనే తాకిడికి స్టోర్లే కాసేపు మొరాయించాయి, పైగా దాని ధర 20 డాలర్లే. అన్నయ్యది 12. ఆరేళ్ల పనితనం ఇరవైకి ఇస్తుంటే మన పన్నెండుకి అర్థమేంటని ఆ రోజు ఆయనే అడిగాడు, ఎవరి దగ్గరా సమాధానం లేదు. నవంబరులో 6 డాలర్లకి పెట్టాడు. వెయ్యి దాటిన ప్లాట్‌ఫార్మర్ అదే.

అయితే ధర ఒక్కటే పని చేసిందని నేననుకోను. ఆయన రెండో లెవెల్ ఎర్రమట్టి దిబ్బల్లో ఉంటుంది. ఆ ఇసుక ఎరుపు, వాన నీటికి కోసుకుపోయిన ఆ సందులు, వెనకాల సముద్రం. మొదటి స్క్రీన్‌షాట్‌గా అడవి లెవెల్ తీసేసి ఇది పెట్టిన రోజు నుంచే విష్‌లిస్టులు, అంటే తర్వాత కొందామని గుర్తు పెట్టుకునేవాళ్ల లెక్క, కదిలాయి. అడవులు, గుహలు అందరి దగ్గరా ఉన్నాయి. నా హార్బర్ కూడా బాగానే ఉంటుంది గానీ నేను దాన్ని పన్నెండో స్క్రీన్‌షాట్‌గా పెట్టి, మెయిన్ మెనూని మొదటిదిగా పెట్టాను. నవ్వకండి.

మీకు తెలియాల్సినవి ఇంకో రెండు. స్టీమ్‌లో జరిగే డెమోల పండగ నెక్స్ట్ ఫెస్ట్ ఏడాదికి మూడుసార్లు వస్తుంది గానీ ఒక గేము ఒక్కసారే పాల్గొనాలి. మనవాళ్లలో ఒకరు పట్టుమని నలభై విష్‌లిస్టులతో ఫిబ్రవరిలోనే వాడేసుకున్నారు, డెమో సగంలో ఆగిపోయేది కూడా. ఆ అవకాశం ఇక రాదు. రెండోది, అమెరికా పన్ను ఫారం నింపేటప్పుడు పాన్ నంబరు వేసి, భారత్‌తో ఉన్న ఒప్పందం పెట్టెలో టిక్ పెట్టండి, అక్కడి అమ్మకాల మీద 30 బదులు 15 శాతమే కోస్తారు. మే నెలలో దీని మీద పెట్టిన క్లాసుకి ఏడుగురే వచ్చారు, తర్వాత పదకొండు మంది నాకు విడివిడిగా ఫోన్ చేశారు.

ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చినప్పుడు మనలో చాలామంది ఇళ్లలో గొడవ జరిగింది. ఆ నిషేధం డబ్బు పెట్టి ఆడే ఆటల మీద. పడవ మీంచి గెంతే కుర్రాడికి దాంతో సంబంధం లేదు. మా నాన్నకి మూడుసార్లు చెప్పాను, ఇంకా అనుమానంగానే చూస్తున్నారు.

గేముల్లో తెలుగు విషయంలో ఈ ఏడాది కాస్త ఊరట. గోడాట్ 4లో ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తున్నాయి, "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై కనిపించే రోజులు పోయాయి. ఫాంట్ మాత్రం మీరే వెతికి పెట్టుకోవాలి.

జమాఖర్చులు మేడ మీద గోడకి అంటించాను, ఈసారి టీ ఒక్కసారే రాశాను. హాలు అద్దె మిగిలిన డబ్బుతో రెండు పాత కంట్రోలర్లు కొన్నాం. అడ్వాన్స్ తిరిగి రావాల్సి ఉంది, అడుగుతూనే ఉన్నాం.

వచ్చే ఏడాదికి నా ప్రతిపాదన ఒక్కటే, ఓటింగ్‌కి పెడతాను. జనవరిలో 48 గంటల జామ్, అంటే ఆ టైములోనే ఒక గేము మొదలుపెట్టి అవగొట్టడం, అందులో గెంతు బటన్ నిషేధం. ప్లాట్‌ఫార్మర్లు మానేద్దామని కాదు, నేనైతే మానను, నా రెండోది ఇప్పటికే మొదలుపెట్టాను. కానీ నాలుగు నెలల్లో అయ్యేంత చిన్నదిగా చేస్తున్నాను, మొదటి నెల నుంచే పిన్నిగారితో ఆడిస్తున్నాను, అమ్ముడుపోకపోతే పోయేది నాలుగు నెలలే. మొదటిదానికి రెండేళ్లు పోయాయి. చేయాలనుకునేవాళ్లు ఇదే లెక్కన చేయమంటాను. ఇల్లు దీని మీదే గడవాలనుకునేవాళ్లు మాత్రం ముందు గాజువాక తమ్ముడితో ఒక గంట కూర్చోండి.

సర్వసభ్య సమావేశం జనవరి రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, సీతమ్మధార మేడ మీద. చందా బాకీ ఉన్నవాళ్లకి విడిగా మెసేజ్ పెట్టాను. నీలం కంట్రోలర్ డిసెంబరు మీటింగ్ తర్వాత కనిపించడం లేదు, ఎవరి బ్యాగులోనైనా ఉంటే తెచ్చేయండి, పిన్నిగారు నల్లదానితో ఆడనంటున్నారు.