వాగు దగ్గర అరెస్టయిన కల్నల్

ఒరేయ్ రవీ,

ఫోన్లో చెబుదామంటే నువ్వు దొరకవు, దొరికినా మధ్యలో ఆఫీసు కాల్ అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా. మొన్న సెలవుల్లో గెటిస్‌బర్గ్ వెళ్లొచ్చాం. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు తలపడ్డ చోటురా అది, పెన్సిల్వేనియాలో ఉంది. పిల్లలకి బోరు కొట్టింది, మా ఆవిడ చెట్టు నీడ చూసుకుని కూర్చుంది. నేనేమో ఒక విగ్రహం దగ్గర ఆగిపోయా. బాయ్‌నెట్ తగిలించిన తుపాకీతో పరిగెడుతున్న సిపాయి. ఒకటో మినసోటా పదాతి రెజిమెంటుది. పదేళ్లుగా మినసోటాలో ఉంటున్నాను కదా, మనవాళ్లే అనిపించింది.

ఎన్‌సీసీ క్యాంపులో నీ మడమ బొబ్బ చిట్లి, రెండ్రోజులు కుంటుతూ నడిచావే, గుర్తుందా? ఇప్పుడు విను. 1863 జూన్ 29. దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలోకి చొరబడింది, ఉత్తరాది తరఫున ఈ మినసోటావాళ్లు వెంటపడ్డారు. ఆ ఒక్కరోజే దాదాపు 33 మైళ్ల నడక. ఎండాకాలంలో ఉన్ని బట్టలు, భుజాన నాలుగు కిలోల తుపాకీ. తిండి అంటే హార్డ్‌టాక్ అనే గట్టి బిస్కెట్. పురుగులుంటే వేడి కాఫీలో ముంచేవాళ్లట, పైకి తేలినవాటిని తీసి పారేసి మిగతాది తినేవాళ్లట. ఛీ అనకు, మన క్యాంపు ఉప్మా ఏమన్నా తక్కువా!

దారిలో ఒక వాగు అడ్డొచ్చింది. నీళ్లలో దిగే దాటాలని పైనుంచి ఆర్డరు. తడి మేజోళ్లతో అంత దూరం నడిస్తే కాళ్ల గతేంటో సిపాయిలకి తెలుసు. కొందరు దుంగల మీద నుంచి దాటారు. అంతే, వాళ్ల కల్నల్ విలియం కాల్విల్‌ని అరెస్టు చేశారు! కాళ్లు తడవనివ్వనందుకురా బాబూ.

జూలై 2న ఆయన్ని వదిలేశారు. ఆ సాయంత్రమే ఉత్తరాది వరసకి గండి పడింది. దక్షిణాదివాళ్ల అలబామా దళం వెయ్యి మందికి పైగా దూసుకొస్తోంది. సాయం వచ్చేదాకా ఉత్తరాది జనరల్ హాన్‌కాక్‌కి ఓ ఐదు నిమిషాలు కావాలి. దగ్గర్లో ఉన్నది ఈ రెజిమెంటే. ఎదుటి దళం జెండా చూపించి, వెళ్లి ఆ జెండా పట్టుకోండి అన్నాడు. వెళ్లారు. 262 మందిలో 47 మందే మిగిలారని ఇక్కడ చెప్పుకుంటారు. లెక్కల మీద చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు గానీ, గండి మాత్రం పూడింది. కాల్విల్‌కి భుజంలో, పాదంలో గుళ్లు దిగాయి. బతికాడు, 1905 దాకా.

వాళ్లు పరిగెత్తి ఆగిన చోటు ప్లమ్ రన్ అనే చిన్న వాగు. అప్పుడు దాదాపు ఎండిపోయి ఉందట. నేనూ దిగి దాటాను. నా బూటు కూడా తడవలేదు.

మర్నాడు మిగిలినవాళ్లే మళ్లీ యుద్ధంలోకి దిగారు తెలుసా! వాళ్లలో మార్షల్ షెర్మన్ అనే సిపాయి 28వ వర్జీనియా అనే దక్షిణాది రెజిమెంటు జెండా లాక్కున్నాడు. అది ఇంకా మినసోటాలోనే ఉంది. వర్జీనియావాళ్లు ఇచ్చెయ్యమని ఎన్నిసార్లు అడిగినా వీళ్లు ఇవ్వరు. కుస్తీల నుంచి వచ్చి అప్పట్లో మినసోటా గవర్నర్‌గా ఉన్న జెస్సీ వెంచురా అయితే, గెలిచింది మేమే కదా, ఎందుకివ్వాలి అనేశాడు. నాకైతే ఇచ్చేస్తే పోయేదేముందనిపిస్తుంది. ఈ మాట ఆఫీసులో అన్నాను, రెండ్రోజులు నాతో ఎవరూ కాఫీకి రాలేదు.

ఫొటోలు పంపుతున్నా. అమ్మకి నమస్కారాలు చెప్పు. ఈసారైనా జవాబు రాయరా.

నీ
శీను