ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌ల సంఘం, తిరుపతి: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నియమం కాబట్టి రాస్తున్నాను. ఈసారి చెప్పుకోదగ్గ పని ఒకటి జరిగింది, దాని గురించి కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టండి.

మే నెల ఎండల్లో మన సభ్యుడొకరు ఒక లాడ్జిలో ఆర్-32 గ్యాస్‌తో నడిచే స్ప్లిట్ ఏసీకి లీకు సరిచేస్తున్నారు. కింద నుంచి "యాత్రికులు లగేజీతో నిలబడ్డారు, త్వరగా కానీండి" అని ఒకటే ఫోన్లు. తలుపు, కిటికీలు మూసే ఉన్నాయి. లైనులో మిగిలిన గ్యాస్ తీయకుండానే పైపులు అతికే గ్యాస్ టార్చ్ వెలిగించారు. జాయింట్ వదలగానే మంట లేచింది. స్వామి దయ, చేతి వెంట్రుకలు కాలడంతో సరిపోయింది. "పాత ఆర్-22 గ్యాస్‌తో పదిహేనేళ్లు ఇట్లానే చేశాను కదన్నా" అన్నాడు నాతో. చిక్కంతా అక్కడే ఉంది.

ఆర్-22 అంటుకోదు, కానీ ఓజోన్ పొరకు చేటు. దాని తర్వాత వచ్చిన 410ఏ గ్యాస్ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. ఆర్-32కి ఆ లెక్క 675. అందుకే కొత్త ఏసీలు దీంట్లోనే వస్తున్నాయి. మన జిల్లాలోని శ్రీసిటీలోనే ఏసీలు తయారవుతుంటే, మనం ఇంకా పాత పద్ధతిలోనే గ్యాస్ ఎక్కిస్తున్నాం. ఈ ఆర్-32 ఏ2ఎల్ రకం, అంటే కొద్దిగా మండేది. వంటగ్యాస్‌లా భగ్గుమనదు, గాలిలో సుమారు 14 శాతం చేరితేనే అంటుకుంటుంది. అయితే గాలి కంటే బరువు కాబట్టి మూసిన గదిలో నేల మీద పేరుకుంటుంది. మండితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, అది పీలిస్తే ఊపిరితిత్తులకే ముప్పు.

అందుకే సెప్టెంబర్ 16, ఓజోన్ దినం నాడు కరకంబాడి రోడ్డులోని రేకుల షెడ్డులో ఒకరోజు శిక్షణ పెట్టాం. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా రికవరీ సిలిండర్‌లోకి లాగడం, పైపులో నైట్రోజన్ పారిస్తూ బ్రేజింగ్ (టార్చ్‌తో అతకడం) చేయడం, నైట్రోజన్‌తోనే ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో లీకు చూడడం, పైపుల్లోని గాలి, తేమ లాగేసి వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల (ఒత్తిడి కొలత) దాకా దించి అది నిలుస్తుందో లేదో చూడడం, అన్నీ చేసి చూపించాం. ఆక్సిజన్‌తో ప్రెషర్ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారని అక్కడే తెలిసింది. కంప్రెసర్ ఆయిల్‌కు ఆక్సిజన్ తగిలితే పేలుతుంది సామీ, దయచేసి మానండి.

అందరికీ గుర్తుండిపోయేది తూకం పందెం. గ్యాస్ ఎంత పట్టాలో రాసుండే అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద టేపు అంటించి, మన పెద్దాయన ఒకరిని గ్యాస్ ఎక్కించమన్నాం. ఆయన గేజు వైపు చూడనే లేదు. లావు పైపును అరచేత్తో పట్టుకుని, తడి పట్టగానే "చాల్లే, కట్టేయ్" అన్నారు. తూకం 960 గ్రాములు చూపించింది. టేపు తీస్తే స్టిక్కర్ మీద 800. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నేళ్లలో ఎన్ని కంప్రెసర్లు ఇట్లా పోగొట్టానో" అని ఆయనే నవ్వేశారు. మధ్యాహ్నం కుర్రాళ్లందరికీ తూకం పెట్టడం నేర్పించింది ఆయనే. ఈ ఏడాది నాకు గర్వంగా అనిపించింది అదే.

ఇంకో మాట. ఆర్-22 మిషన్‌లో ఆర్-32 ఎక్కించడం అస్సలు కుదరదు. ప్రెషర్ ఎక్కువ, ఆయిల్ వేరు, లోపలి స్విచ్చులు మండే గ్యాస్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కస్టమర్ బతిమాలినా ఒప్పుకోకండి.

షెడ్డు ఇచ్చిన సభ్యుడికి, నైట్రోజన్ సిలిండర్ అప్పుగా ఇచ్చిన షాపు వారికి, పొద్దున్నే పొంగలి వండి పంపిన మా వదినమ్మకు, మంటలార్పే పౌడర్ సిలిండర్ భుజాన మోసుకొచ్చిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. వస్తామని పేరు రాయించింది 30 మంది, వచ్చింది 13. మిగతావాళ్లకు ఆ రోజే అర్జెంటు కాల్స్ వచ్చాయట. ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఆహ్వానం పట్టుకుని మూడుసార్లు తిరిగాం. మూడుసార్లూ సారు క్యాంపులోనే ఉన్నారు.

జమాఖర్చుల కాగితం జత చేశాం, కోశాధికారి సంతకం ఉంది. నిల్వ తక్కువే. చందా బాకీల జాబితా కూడా వెనకే ఉంది, ఎవరి పేరు వాళ్లు చూసుకోండి.

సంఘం డబ్బుతో కొన్న తూకం మిషన్ దీపావళి నుంచి ఎవరి దగ్గరుందో తెలియడం లేదు. సీజన్ మొదలవకముందే తెచ్చి ఇవ్వగలరు.

కార్యదర్శి