చి.ల.సౌ. వాణికి, తెనాలి నుంచి నాన్న

చి.ల.సౌ. వాణికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు, పరీక్ష దగ్గరపడిందిలే అనుకున్నాం. మొన్న పెళ్ళిలో రమణత్త ఇంకో మాట చెప్పింది. నువ్వు పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతున్నావట, సాయంత్రమయ్యేసరికి తలనొప్పని పడుకుంటున్నావట. ఆవిడ ఒకటికి రెండు చేసి చెబుతుందని తెలుసు. అయినా మనసు ఊరుకోక రాస్తున్నాను.

రాయడమంటే, నేను చెబుతుంటే ఫోన్ రాసుకుంటోంది. మళ్ళీ దానిచేతే చదివించుకుని తప్పులు దిద్దుకుంటున్నాను. కిట్టూ నేర్పాడు. మొదట్లో బాగా నెమ్మదిగా పెట్టుకునేవాణ్ణి, ఇప్పుడు ఒకటిన్నర వేగంతో విన్నా అర్థమవుతోంది. 'చాలు', 'చూడు' అన్నప్పుడు మాత్రం మనం పలికే చకారం దానికి రాదు, 'చిలక'లో చకారమే అన్నిటికీ పెట్టేస్తుంది. నాయనమ్మ ఉంటే పక్కన కూర్చుని దిద్దేది. ఆవిడ చూపు తగ్గుతుంటే వయసు మీదపడిందని ఊరుకున్నాం. అది నీటికాసులని, అంటే గ్లకోమా అని మనకి తెలిసేసరికి ఆలస్యమైంది. తర్వాత నాకూ వచ్చింది. నువ్వు చూపించుకున్నావా?

పుంతదారి అరెకరం పంపకాల కాగితం సంగతి నీకు చెప్పలేదు కదూ. రాయించినాయన చిత్తుప్రతి ఫోన్‌కి పంపాడు. చదవమంటే మా ఫోన్ ఏబీసీడీలూ, గుర్తులూ కలిపి ఏదో గొణిగింది. పాడైందనుకుని రెండుసార్లు ఆపి వెలిగించాను. అది అను ఫాంటులో కొట్టిన కాగితమని కిట్టూ వచ్చాక తెలిసింది. కంటికి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. యూనికోడ్‌లో ఉంటేనే ఫోన్ తెలుగుగా చదువుతుందట. అచ్చు తీయించి, ఎండలో అరుగు మీద పరిచి, గూగుల్ లెన్స్‌తో పేజీ పేజీ ఫోటో తీశాం. అప్పుడు చదివింది. హద్దులు వచ్చేసరికి "పడమర, పంటకాలువ" అంది. కాలువ తూర్పున కదా! ఫోన్ తప్పేమోనని మూడుసార్లు విన్నాను. కిట్టూ కాగితం చూస్తే తప్పు కాగితంలోనే ఉంది. బాబాయీ, నేనూ, ఇంకో ఇద్దరూ కళ్ళతో చూసి సరేనన్న కాగితం అది. రిజిస్ట్రేషన్‌కి ముందే దిద్దించాం. అంకెలు మాత్రం ఫోటో నుంచి చదివించినప్పుడు ఒకదానికొకటి పడే ప్రమాదముంది, సర్వే నంబరు మనిషి చూడాల్సిందే.

నువ్వూ నోట్సు వినొచ్చు. కంప్యూటర్‌కి తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో చూపులేని కుర్రాడొకడు 2006లో మొదలుపెడితే, చూపులేని ఇంకొకడు తోడయ్యాడట. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రోడ్డు దాటకు. రాత్రి దీపం తీసేసి ఫోన్ చూడకు.

పాఠం చెప్పకూడదనే మొదలుపెట్టాను, అయినా చెబుతున్నాను. వినే సదుపాయం ఉందిగా అని కన్ను చూపించుకోవడం వాయిదా వేయకు. నీది వట్టి అద్దాల మార్పే కావచ్చు. కానీ నీటికాసులు చాలామందిలో నొప్పి లేకుండా, పక్కచూపుతో మొదలై తినేస్తాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే నా చుక్కలు. తల్లిదండ్రులకుంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. అద్దాల షాపులో నంబరు చూపించుకుని వచ్చేయకు, కంటిలో ఒత్తిడీ, నరమూ చూడమని అడుగు. నీ అంతట నువ్వు మందుల షాపులో చుక్కలు కొనకు, స్టెరాయిడ్ కలిసినవైతే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌కి పొద్దున్నే వెళ్ళు. కంటిపాపకి చుక్కలేస్తే కాసేపు మసకగా ఉంటుంది, స్కూటీ మీద వెళ్ళకు, తోడు ఎవరినైనా తీసుకెళ్ళు. డబ్బు వేశాను. కందిపొడి బుజ్జితో పంపుతోంది అమ్మ.

డాక్టరు రాసిన చీటీ ఫోటో పంపకు, ఆ చేతిరాత మా ఫోన్‌కి అంతుపట్టదు. నువ్వే చదివి, నీ గొంతు రికార్డు చేసి పంపు.

నాన్న