పడిన చెట్టును పొడుగుగా కోయించండి

సంపాదకులకు నమస్కారం.

గాలివానకు కూలిన చెట్లను దారి నుంచి తొలగించడంలో పురపాలక సిబ్బంది చూపే చురుకుదనాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తొందరలో చేజారిపోతున్న మంచి కలప గురించి చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. గత ఏడాది జూన్‌లో మా కోస్తా పట్టణంలో ఒక సాయంత్రం వీచిన ఈదురుగాలికి మా వీధి చివరి నిద్రగన్నేరు, మా పెరటి వేప రెండూ నేలకొరిగాయి. నిద్రగన్నేరు మొదలు మూడడుగుల వెడల్పుండేది. మరునాడు ఉదయం చైన్ సాలతో, అంటే పళ్ల చైను తిరిగే యంత్ర రంపాలతో, వచ్చినవారు దానిని గంటన్నరలో రెండేసి అడుగుల మొద్దులుగా తరిగి, ట్రాక్టరుకెత్తి ఇటుక బట్టీకి తరలించారు. బల్లకు ఆరడుగుల పలక కావాలి, తలుపుకు ఏడడుగులది కావాలి. రెండడుగుల మొద్దుకు పొయ్యి తప్ప వేరే గతి లేదు. చెట్టు సామాను అవుతుందా బూడిద అవుతుందా అన్నది వడ్రంగి దాకా రాకుండానే, రోడ్డు మీద మొదటి కోత ఎక్కడ పడిందో అక్కడే తేలిపోతున్నది. హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన 2014 అక్టోబరు 12 తరువాత ఆ నగరంలో రోడ్ల పక్కన గుట్టలుగా పడివున్న మానులను చూసినవారికి, ఇది ఒక్క వీధి సంగతి కాదని వేరే చెప్పనక్కరలేదు.

వేప నా సొంత పెరటిది కనుక దానిని ఏడేసి అడుగుల రెండు దుంగలుగా కోయించి అట్టేపెట్టుకున్నాను. రెండు దుంగల కోసం బండి పంపితే గిట్టుబాటు కాదని కోత మిల్లువారు చెప్పారు. అది న్యాయమైన మాటే. పూర్వం ఈ పనికి ఇంటికే మనుషులు వచ్చేవారు. గుంత మీద దూలాలు పరిచి, దుంగనెత్తి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి పెద్ద రంపంతో రోజంతా పలకలు కోసేవారు. కింద నిలిచినవాని కనురెప్పల మీద కూడా పొట్టే. ఆ జోడీలు ఇప్పుడు కనిపించవు. ఆ లోటును కొంతవరకైనా పూడుస్తున్నవారు పెరట్లో సరదాకొద్దీ పలకలు కోసుకునే నాబోటి విశ్రాంత ఉద్యోగులు, సెలవురోజున కంప్యూటరు కట్టేసి ఉలి పట్టే కుర్రవాళ్లు.

వారు వాడేది అలాస్కన్ మిల్లు అనే చిన్న చట్రం. దానిని చైన్ సా బారుకు, అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీకి, బిగించి దుంగ పైన జరుపుకుంటూ పోతే, కావలసిన మందంలో పలక తెగుతుంది. మొదటి కోతకు దుంగ మీద చదును ఉండదు కనుక తిన్నని నిచ్చెన ఒకటి పైన బిగించి దాని మీదుగా నడుపుతారు. తరువాతి కోతలకు ముందు కోసిన తలమే దారి చూపుతుంది. వినడానికి తేలికగా ఉన్న ఈ పనిలో మొదటి రోజు నేను పొట్టుకు బదులు పొగ తెప్పించాను. దుంగను అడ్డంగా తెంచే అడ్డకోతకు వచ్చే చైను పంటి వాలు 30 డిగ్రీల దాకా ఉంటుందని, పొడుగునా పలకలు తీసే నిలువుకోతకు దానిని 10 డిగ్రీల దగ్గరకు అరగదీసుకోవాలని అప్పటికి నాకు తెలియదు. బజారులో విరివిగా దొరికే 58 సీసీ యంత్రానికి 22 అంగుళాల బారు ఉన్నా, చట్రం బిగించాక కోతకు అందే పొడవులో నాలుగంగుళాల దాకా పోతుంది. నిలువుకోతలో ఇంజను ఎడతెరిపి లేకుండా పూర్తి జోరు మీద నడుస్తుంది కనుక ఇంధనంలో నూనె వంతు తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. నా యంత్రానికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కొలత. మరొక నష్టాన్నీ దాచకుండా చెప్పాలి. చైన్ సా కోత వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు, కోత మిల్లుల్లో తిరిగే పట్టీ రంపం (బ్యాండ్ సా) కోత రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. పద్దెనిమిది అంగుళాల దుంగను రెండేసి అంగుళాల పలకలుగా కోస్తే ఎనిమిది కోతలకు దాదాపు మూడంగుళాల కర్ర, అంటే ఒక పలకకు మించి, పొట్టయిపోతుంది. కోత మిల్లు అందుబాటులో ఉన్నవారు అక్కడికే వెళ్లడం మేలు.

కోయడం కన్నా ఆరబెట్టడమే అసలు పరీక్ష. పచ్చి కర్ర ఆరేటప్పుడు దానిలోని ఏటి వలయాల వెంబడి కుదించుకునేది, కేంద్రం నుంచి బెరడు వైపు కుదించుకునేదానికి సుమారు రెట్టింపు. దుంగను దుంగగానే ఎండలో వదిలేస్తే నెర్రెలు విచ్చేది అందుకే. కోసిన రోజే పలకల కొసలకు రంగో మైనమో పూసి, నీడలో నేలకు జానెడు ఎత్తున పేర్చి, పలకకు పలకకు మధ్య అడుగున్నరకొకటిగా అంగుళం బద్దలు ఒకే వరుసలో పెట్టి, పైన బరువు పెట్టాలి. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. మన ఎండలకు అంతకన్నా త్వరగానే ఆరినా, తొందరపడితే పలక మెలిక తిరుగుతుంది. వేప చేవకు చెదల బెడద తక్కువ. మామిడికి మాత్రం కోసిన వారంలోనే బూజు మచ్చలు పడతాయి, పురుగు తొలుస్తుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీరు పట్టించక తప్పదు. ఇక మేం బట్టీకి పోగొట్టుకున్న నిద్రగన్నేరు విషయానికొస్తే, ఆరేటప్పుడు అతి తక్కువగా కుదించుకునే కర్రల్లో అదొకటి. హవాయి దీవుల్లో మంకీపాడ్ పేరుతో దానితో గిన్నెలు, పళ్లేలు తొలిచి అమ్ముతారు.

వీధి చెట్లలో మేకులుంటాయి. ట్యూషన్ బోర్డులు, ఫ్లెక్సీలు, కేబులు తీగలు వేలాడదీయడానికి కొట్టిన మేకులను చెట్టు తనలో కలిపేసుకుంటుంది. ఒక్కదానికి తగిలినా చైను మొద్దుబారిపోతుంది. కర్రలో నల్లని మచ్చ కనిపిస్తే లోపల ఇనుముందని అనుమానించాలి. లుంగీతో, వట్టి కాళ్లతో చైన్ సా పట్టేవారిని రోజూ చూస్తున్నాం కనుక మరొక మాట. యంత్రం చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవులకు రక్షణ తప్పనిసరి. కర్ర పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది కాబట్టి ముక్కుకు తువ్వాలు చాలదు, మాస్కు కావాలి. పొరుగువారి మధ్యాహ్నపు కునుకు గురించి మా ఆవిడ చేసిన హెచ్చరికనూ ఇందులో కలుపుతున్నాను.

ఈ సరదా పేరుతో పచ్చని చెట్ల మీద చేయి పడకూడదనడంలో నాకు రెండో అభిప్రాయం లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి అవసరం. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత కోత మిల్లులపై అదుపు బిగిసింది. అది అడవికి మేలే చేసింది. అయితే గాలికి పడిన తన పెరటి చెట్టును చేతి యంత్రంతో ఇంటి వాడకానికి పలకలు కోసుకునే గృహస్థుడు ఎవరికి తెలపాలో, ఏ కాగితం దగ్గర ఉంచుకోవాలో అటవీ శాఖ ఒక్క పేజీలో తెలుగులో ప్రకటిస్తే, నిజాయతీపరులకు దడ, దళారులకు సందు రెండూ తగ్గుతాయి.

పురపాలక సంఘాలకు నా వినతి ఇంకా చిన్నది. అడుగు వెడల్పు మించిన మాను పడినప్పుడు కొమ్మలను ఎలా తరిగినా, మొదలును ఏడడుగుల చొప్పున కోసి, క్రేనుతో ఖాళీ స్థలంలోకి చేర్చి, వారం రోజుల గడువుతో స్థానికంగా వేలం వేయాలి. వడ్రంగులకు మొదటి అవకాశమిచ్చి, మిగిలినవి మాబోటివారికి అమ్మవచ్చు. ఎవరూ కొనకపోతే బట్టీ ఎలాగూ ఉంది. కోత సిబ్బంది బండిలో ఏడడుగుల కొలబద్ద ఒకటి పెట్టి పంపడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. ఈ ఏటి తుఫాన్ల కాలం రాకముందే ఆ కొలబద్ద బండెక్కాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు